కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతోందా? విప్పే ముందు ఎక్కడో, ఎప్పుడో తేల్చుకోండి

"కార్బొరేటర్ కింద పెట్రోలు చుక్కలు పడుతున్నాయి. కొత్తది వేయించమంటారా?" పవర్ వీడర్ ఉన్న రైతులు, పంపుసెట్టు వాడేవారు, చిన్న జనరేటర్లు అద్దెకిచ్చేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. తోడుగా ఒక ఫోటో పంపుతారు. అందులో తడిసిన ఇంజిన్, దాని కింద తడి మట్టి తప్ప ఏమీ కనిపించవు. అది చూసి ఏ భాగం మార్చాలో చెప్పడం ఎంత పెద్ద మెకానిక్‌కైనా సాధ్యం కాదు. ముందు రెండు సంగతులు తెలియాలి. పెట్రోలు ఎక్కడ మొదలవుతోంది? ఎప్పుడు కారుతోంది? ఈ రెండూ తేలితే చాలాసార్లు కార్బొరేటర్ మార్చే పనే ఉండదు. చిన్న వాషరో, ఓ-రింగో (అతుకులో వేసే రబ్బరు ఉంగరం), నీడిల్ (పెట్రోలు దారిని మూసే సూది) కింద ఇరుక్కున్న ఇసుక రేణువో బయటపడుతుంది.

ఇక్కడ చెప్పేది తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ల గురించి. హోండా జీఎక్స్160, అదే నమూనాలో వచ్చే 168ఎఫ్ రకాలు, వాటి అన్నదమ్ముల్లాంటి 196 సీసీ ఇంజిన్లు అన్నమాట. వీడర్లలో, నీటి పంపుల్లో, కాంక్రీటు వైబ్రేటర్లలో, జనరేటర్లలో ఎక్కువగా ఇవే ఉంటాయి. బ్రష్ కట్టర్ కార్బొరేటర్ లోపల ఏర్పాటు వేరు. దాని గురించి చివర్లో కొంచెం చెబుతాను.

సిద్ధాంతం ఇంతే: ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద. పెట్రోలు తన బరువుతోనే దిగి, కార్బొరేటర్ అడుగున ఉండే బౌల్ అనే గిన్నెలోకి చేరుతుంది. బౌల్ నిండే కొద్దీ ఫ్లోట్ (దాని లోపలి బోలు తేలుడు ముక్క) తేలుతూ నీడిల్‌ను పైకి నెట్టి దారి మూసేస్తుంది. అది పూర్తిగా మూసుకోకపోతే బౌల్ పొంగుతుంది. పొంగిన పెట్రోలు కార్బొరేటర్ నోట్లోంచి ఎయిర్ ఫిల్టర్ వైపు రావచ్చు, లేదా ఇంజిన్ లోపలికి పోవచ్చు. రెండోదే ప్రమాదం. బయటికి చుక్క కూడా కనిపించకుండానే ట్యాంకులో సగం పెట్రోలు ఇంజిన్ ఆయిల్లో కలిసిపోగలదు.

ముందుగా జాగ్రత్తలు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. సైలెన్సర్ చేతికి చల్లగా తగలాలి. పని ఆరుబయట చేయండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి నేల వెంట పాకి గుంతల్లో నిలుస్తుంది. మోటారు గదిలో, బావి గట్టు పక్క గోతిలో పంపు ఉంటే పైకి తీసుకొచ్చి చూడండి. దగ్గర్లో బీడీ, అగరవత్తి, దీపం, పొయ్యి ఏవీ ఉండకూడదు. వైరు తగిలించి వేలాడదీసే బల్బు వద్దు, టార్చి చాలు. ప్లగ్గు మీది క్యాపు లాగేయండి. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న జనరేటరైతే బ్యాటరీ వైరు కూడా విప్పేయండి. ఒక బకెట్టు ఇసుక అందుబాటులో పెట్టుకోండి. మండే పెట్రోలు మీద నీళ్లు పోస్తే మంట తేలుతూ పక్కకు పాకుతుంది.

ఇంకొకటి. పెట్రోలు తీయడానికి పైపు నోట్లో పెట్టి పీల్చడం మన దగ్గర మామూలు అలవాటు. దయచేసి మానండి. కడుపులోకి పోవడం కన్నా ఊపిరితిత్తుల్లోకి కొన్ని చుక్కలు పోవడం పెద్ద ప్రమాదం.

కావలసినవి

10 నంబరు స్పానర్ (ఈ రకం ఇంజిన్లలో బౌల్ బోల్టు, డ్రెయిన్ బోల్టు, ట్యాంకు పెట్రోలును ఆపే కుళాయి అయిన కాక్ కింది కప్పు దాదాపు అన్నీ దీనితోనే విప్పుతారు), స్క్రూడ్రైవర్, ముక్కు పట్టుకారు, టార్చి, పాత దినపత్రిక, ముఖానికి రాసుకునే పౌడరు, పాత నూలు గుడ్డ, చెవి పుల్లలు, గాజు సీసా, స్టీలు గిన్నె, అడుగు పొడవు శుభ్రమైన పెట్రోలు పైపు. విడి భాగాల్లో బౌల్ ఓ-రింగు, ఫైబర్ వాషర్లు, నీడిల్ ముందే కొని పెట్టుకుంటే మంచిది. పాత భాగం చేతిలో ఉంటే కొలత తప్పదు కాబట్టి, విప్పాకే దుకాణానికి వెళ్లినా నష్టం లేదు.

పెట్రోలు పట్టడానికి థర్మోకోల్ కప్పు వాడకండి. అది కరిగి జిగురైపోతుంది.

1. ఎప్పుడు కారుతోందో చూడండి

చేతులు పెట్టకముందే ఈ నాలుగింటిలో మీది ఏదో గుర్తించండి.

ఇంజిన్ ఆగి ఉంది, కాక్ తెరిచి ఉంది, అప్పుడే కారుతోంది: నీడిల్ సరిగా మూయడం లేదు, లేదా బౌల్ అతుకుల్లో లోపం ఉంది. ఎక్కువగా కనిపించేది ఇదే.

కాక్ మూసినా కారుతోంది: ఒక నిమిషం ఓపిక పట్టండి. కాక్ మూశాక కూడా బౌల్‌లో మిగిలిన పెట్రోలు కాసేపు కారుతుంది. ఆ తర్వాత ఆగిపోతే లోపం కాక్‌కు దిగువన ఉన్నట్టు. బౌల్‌లో పట్టే కొద్దిపాటి పెట్రోలు అయిపోయాక కూడా చుక్కలు ఆగకపోతే కాక్ పట్టడం లేదు, లేదా కాక్‌కు ఎగువన ట్యాంకు దగ్గరే కారుతోంది.

నడుస్తున్నప్పుడే కారుతోంది: అదురుకు వదులయ్యే పైపు, పగిలిన పైపు, వదులు బోల్టు మీద మొదటి అనుమానం. ఎయిర్ ఫిల్టర్ వైపు సన్నటి తుంపర వస్తుంటే మాత్రం కార్బొరేటర్‌ను కాసేపు పక్కన పెట్టండి. గాలి, పెట్రోలు ఇంజిన్‌లోకి వెళ్లే ఇన్‌టేక్ వాల్వు సరిగా మూసుకోకపోతే ఇంజిన్ పెట్రోలును వెనక్కి ఉమ్ముతుంది. జీఎక్స్160లో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ వాల్వు సందు 0.15 మిల్లీమీటర్లు ఉండాలి. నీడిల్ ఎన్ని మార్చినా ఈ జబ్బు పోదు.

బండిలో తెచ్చాక, పక్కకు వంచాక కారింది: ఇది చాలావరకు లోపమే కాదు. వంగిన ఇంజిన్‌లో ఫ్లోట్ తన పని చేయలేదు. కాక్ మూసి, డ్రెయిన్ బోల్టు విప్పి బౌల్ ఖాళీ చేశాకే ఇంజిన్‌ను రవాణా చేయండి.

2. తాడు ముట్టుకోకముందు ఆయిలు చూడండి

ఈ మెట్టు వదిలేసి నష్టపోయేవారే ఎక్కువ. ఇంజిన్‌ను సమతలం మీద నిలబెట్టి ఆయిల్ మూత నెమ్మదిగా తిప్పండి. ఈ రకం ఇంజిన్లలో ఆయిలు మట్టం సరిగ్గా మూత రంధ్రం అంచు వరకే ఉండాలి. మూత తీయగానే ఆయిలు దానంతటదే పొర్లి వచ్చిందంటే, మీరు పోయనిది ఏదో లోపల చేరింది. ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి. జిడ్డు తగ్గి నీళ్లలా జారుతూ, ముక్కుకు పెట్రోలు ఘాటు తగిలితే సందేహం అక్కర్లేదు.

ఆ ఇంజిన్‌ను స్టార్ట్ చేయకండి. పలచబడిన ఆయిల్‌తో నడిస్తే లోపలి భాగాలు కొద్దిసేపట్లోనే అరిగిపోతాయి. ఆయిల్ తక్కువైతే ఇంజిన్ ఆపేసే సెన్సార్ ఉందిలే అని ధీమా పడవద్దు. అది తగ్గితేనే పలుకుతుంది, పెరిగితే పలకదు. పాత ఆయిలు మొత్తం తీసి పక్కన పెట్టండి. కొత్తది, సుమారు 0.6 లీటరు, మరమ్మతు పూర్తయ్యాకే పోయండి. ముందే పోస్తే అదీ పాడవుతుంది.

తాడు గట్టిగా బిగుసుకుపోయి కదలకపోతే సిలిండర్‌లో పెట్రోలు నిండి ఉండవచ్చు. బలంగా లాగితే లోపల రాడ్డు వంగే అవకాశం ఉంది. ప్లగ్గు విప్పి, స్విచ్ ఆపి, ప్లగ్గు క్యాపును దూరంగా కట్టేసి, రంధ్రం మీద గుడ్డ కప్పి, మీ ముఖం పక్కకు తిప్పుకొని తాడును మెల్లగా లాగండి. పెట్రోలు ఎగజిమ్ముతుంది. ఆ గుడ్డను ఎండలో, మనుషులకు దూరంగా ఆరేయండి.

3. తుడవండి, ఆరనివ్వండి, పౌడరు చల్లండి

పెట్రోలు కింద ఎక్కడ చుక్కగా పడుతుందో అక్కడే కారుతోందని అనుకోవడం మొదటి పొరపాటు. పైన పైపు దగ్గర మొదలైన తడి కార్బొరేటర్ వెనకగా జారి, బౌల్ అడుగున బోల్టు తలకు చేరి, అక్కడ చుక్కగా మారుతుంది. చూసినవారు ఆ బోల్టును బిగిస్తారు. మళ్లీ కారుతుంది, మళ్లీ బిగిస్తారు. చివరికి మర పోతుంది.

తుడవడానికి ముందు ఒకసారి టార్చి వేసి చూడండి. దుమ్ము పట్టిన ఇంజిన్ మీద పెట్రోలు నడిచిన దారి మాత్రం కడిగినట్టు మెరుస్తూ ఉంటుంది. ఆ చార పైకొస ఎక్కడుందో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తర్వాత కాక్ మూసి, అంతా గుడ్డతో తుడిచి, అరగంట ఆరనివ్వండి. పైపు అతుకు నుంచి బౌల్ అడుగు దాకా పలచగా పౌడరు చల్లండి. కింద పత్రిక పరచి కాక్ తెరవండి.

ఇప్పుడు కళ్లు కార్బొరేటర్ మీదే ఉంచండి. తెల్లటి పౌడరులో మొదట ఒక బూడిదరంగు చుక్క లేస్తుంది. అది గోరంత అయ్యాక కిందికి గీతగా సాగుతుంది. మనకు కావలసింది ఆ మొదటి చుక్క. పత్రిక మీద మచ్చ పడగానే పెన్నుతో చుట్టూ గీయండి, పెట్రోలు ఆరిపోతే మచ్చ మాయమవుతుంది. పది నిమిషాల్లో ఏమీ కనిపించకపోతే గంట వదిలేయండి. నీడిల్ కొద్దిగా వదిలే ఇంజిన్లలో బౌల్ పొంగడానికి సమయం పడుతుంది.

పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌తో నడిపే పంపుసెట్టైతే ఈ పని ఇంకా తేలిక. కిరోసిన్ అంత త్వరగా ఆరదు, జాడ నిలిచే ఉంటుంది. అదే కారణంతో ఆయిల్లో కలిసిన కిరోసిన్ కూడా పోదు. రెండో మెట్టు వారికి మరీ ముఖ్యం.

4. మొదటి చుక్క ఎక్కడుంటే ఏమిటి అర్థం

పైపు అతుకు దగ్గర: పైపు చివర గట్టిపడి ఉంటుంది. గోటితో నొక్కితే మెత్తగా అణగాలి, వంచితే పగుళ్లు కనిపించకూడదు. చివర అరంగుళం కోసి మళ్లీ ఎక్కించి క్లిప్పు వేయండి. పొడవు చాలకపోతే పైపు మార్చండి. మంచినీళ్ల పైపు, ఆక్వేరియం పైపు పనికిరావు, కొద్ది రోజుల్లో బిగుసుకుపోతాయి.

కాక్ కింది చిన్న కప్పు దగ్గర: కప్పు విప్పి లోపలి ఓ-రింగు చూడండి. చెత్తను శుభ్రం చేసి కొత్త రింగు వేయండి.

బౌల్ పైఅంచు చుట్టూ: బౌల్ ఓ-రింగు చెడిందని తేల్చే ముందు ఒక ఆలోచన చేయండి. నీడిల్ వదలడం వల్ల మట్టం పెరిగి అక్కడిదాకా వచ్చిందేమో! ఎయిర్ ఫిల్టర్ వైపు కూడా తడి ఉంటే అసలు లోపం నీడిల్‌ది.

బౌల్ అడుగు బోల్టు, డ్రెయిన్ బోల్టు దగ్గర: వాషర్ అణగిపోయింది, లేదా ఎవరో విప్పినప్పుడు వేయడం మరిచారు. డ్రెయిన్ బోల్టు వాషర్ మురికి పట్టి లోహంలో కలిసిపోయినట్టు ఉంటుంది. అది పోయిందని కూడా తెలియదు.

బౌల్ అడుగు రేకులోనే: పెట్రోలు అడుగున నీరు చేరి నెలల తరబడి నిలిస్తే తుప్పు పట్టి సూదిమొన అంత రంధ్రం పడుతుంది. ఖాళీ బౌల్‌ను ఎండకు ఎత్తి లోపలి నుంచి చూస్తే వెలుతురు చుక్క కనిపిస్తుంది. బౌల్ విడిగా దొరుకుతుంది, అదే మార్చండి.

కార్బొరేటర్ నోటి నుంచి, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో, లేదా కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ప్యాకింగ్ దగ్గర: ఈ మూడింటికీ కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. బౌల్ పొంగుతోంది. ఆ ప్యాకింగ్ దగ్గర మామూలుగా పారే పెట్రోలు ఉండదు కనుక, అక్కడ తడి ఉందంటే బౌల్ పొంగి వచ్చిందే. ప్యాకింగ్ మార్చి ఊరుకుంటే పెట్రోలు బయటికి రావడం మానేసి ఆయిల్లోకి పోతుంది.

5. విప్పకుండా చేయగల చికిత్స

బౌల్ పొంగుతోందని తేలితే ముందు ఇది చేసి చూడండి. బౌల్ పక్కన స్క్రూడ్రైవర్ పిడితో రెండు మూడు సార్లు మెల్లగా తట్టండి. చాలాకాలం ఆపి ఉంచిన ఇంజిన్‌లో అంటుకుపోయిన ఫ్లోట్ ఒక్కోసారి ఇంతమాత్రానికే కదులుతుంది. సుత్తి వద్దు.

తట్టినా ఆగకపోతే డ్రెయిన్ బోల్టు కింద స్టీలు గిన్నె పెట్టి, బోల్టు పూర్తిగా తీసి, కాక్‌ను కొన్ని సెకన్లు తెరిచి మూయండి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే వేగంగా పారే పెట్రోలు నీడిల్ కింది నలుసును కొట్టుకుపోతుంది. గిన్నెలో దిగింది చూడండి. అడుగున నీటి బుడగలు దొర్లుతున్నా, గోధుమరంగు మడ్డి ఉన్నా ట్యాంకు కూడా కడగాల్సిందే. లేకపోతే వారంలో మళ్లీ ఇదే పని. బోల్టు బిగించి మూడో మెట్టు పరీక్ష మళ్లీ చేయండి. ఆగితే మీ పని అయిపోయినట్టే. నేరుగా పదో మెట్టుకు వెళ్లండి.

6. కాక్ పరీక్ష

కార్బొరేటర్ వైపు పైపు విప్పి గాజు సీసాలోకి పెట్టండి. కాక్ మూసి పది నిమిషాలు చూడండి. ఒక్క చుక్క కూడా పడకూడదు. తెరిస్తే తెగకుండా ధార రావాలి. మూసినా చుక్కలు పడితే కాక్ మార్చండి. నీడిల్ ఎంత బాగున్నా, రాత్రంతా ఇంజిన్‌కు కాపలా కాక్‌దే.

ధార మొదట బాగా వచ్చి తర్వాత సన్నబడితే ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయి ఉంటుంది. అలాంటి మూతతో నిండు ట్యాంకును ఎండలో ఉంచితే లోపల ఒత్తిడి పెరిగి, మంచి నీడిల్‌ను కూడా దాటుకుని పెట్రోలు వస్తుంది. మధ్యాహ్నం మాత్రమే కారే ఇంజిన్‌కు మందు ఇక్కడే ఉంది.

7. బౌల్ విప్పి వేలితో పరీక్షించండి

కాక్ మూసి, డ్రెయిన్ బోల్టు ద్వారా బౌల్ ఖాళీ చేసి, అడుగు బోల్టు విప్పి బౌల్‌ను నిటారుగా కిందికి దించండి. వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. బౌల్ అడుగున తెల్లటి పొడి, పచ్చటి జిగురు ఉంటే చెవి పుల్లతో తుడిచేయండి.

ఫ్లోట్ ఇప్పుడు కిందికి వేలాడుతూ ఉంటుంది. కింద గిన్నె పెట్టి కాక్ తెరవండి. పెట్రోలు కారుతుంది. ఒకే వేలితో ఫ్లోట్‌ను మెల్లగా పైకి ఎత్తండి. ధార ఠక్కున ఆగాలి. అలాగే ఒక నిమిషం పట్టి ఉంచండి.

గట్టిగా నొక్కకండి. పెట్రోలులో తేలే ఫ్లోట్ నీడిల్‌ను నెట్టే బలం చాలా తక్కువ. మీ వేలి బలానికి అరిగిన నీడిల్ కూడా మూసుకుంటుంది. అప్పుడు "బాగానే ఉంది" అనుకుని బిగించేస్తారు, రాత్రికి మళ్లీ కారుతుంది. ఎత్తీ ఎత్తనట్టు పట్టుకున్నా ఆగిందా లేదా అన్నదే పరీక్ష.

ఆగితే నీడిల్ బాగుంది, లోపం ఫ్లోట్‌లోనో ఓ-రింగులోనో ఉంది. ఆగకపోతే లోపం నీడిల్‌ది, లేదా అది కూర్చునే రంధ్రం అంచుది, అంటే సీటుది.

8. నీడిల్, సీటు, ఫ్లోట్

కింద గుడ్డ పరిచి, ఫ్లోట్ పిన్నును పట్టుకారుతో పక్కకు లాగండి. ఫ్లోట్‌తోపాటు నీడిల్ కూడా ఊడి వస్తుంది. దానికి చిన్న స్ప్రింగు ఉంటే జాగ్రత్త, గడ్డిలో పడితే దొరకదు.

నీడిల్ మొన మీద నల్లటి రబ్బరు కొస ఉంటుంది. దాన్ని వెలుతురులో తిప్పుతూ చూడండి. నున్నటి శంకువులా ఉండాలి. చుట్టూ ఉంగరంలాంటి గాడి కనిపించినా, గోరు ఆనించి జరిపితే ఎక్కడైనా తట్టుకున్నా మార్చండి. రుద్ది నునుపు చేయాలని చూడకండి.

సీటును పెట్రోలులో ముంచిన చెవి పుల్లతో తిప్పుతూ శుభ్రం చేయండి. వైరు, సూది, గరుకు కాగితం దగ్గరికి రానివ్వకండి. ఒక్క గీత పడితే ఇక ఏ నీడిల్ వేసినా అక్కడ మూసుకోదు.

ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వస్తే అది చిల్లు పడింది. అనుమానంగా ఉంటే పూర్తిగా ఆరాక వేడినీళ్లలో ముంచండి, చిల్లు ఉన్నచోట బుడగలు లేస్తాయి. నీళ్లు ఇంట్లో కాచి తెచ్చుకోండి, కార్బొరేటర్‌ను పొయ్యి దగ్గరికి తీసుకెళ్లకండి.

ఎత్తు సంగతి: ప్లాస్టిక్ ఫ్లోట్లలో సాధారణంగా సర్దుబాటు ఉండదు, తేడా ఉంటే మార్చడమే. లోహపు నాలుక ఉన్నవాటిలో, కార్బొరేటర్‌ను తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోట్ అంచు కార్బొరేటర్ అంచుకు సమాంతరంగా ఉండాలి. ఇది ఉజ్జాయింపు మాత్రమే. మీ ఇంజిన్ పుస్తకంలో కొలత ఉంటే అదే పాటించండి. నాలుకను వెంట్రుక వాసి వంచినా మట్టం బాగా మారుతుంది కాబట్టి, ముందు ఎవరూ వంచకుండా ఉంటే మీరూ వంచకండి.

ఇంజిన్ మీద నుంచి కార్బొరేటర్ మొత్తం విప్పినవారికి ఇంకో మార్గం ఉంది. ఆరిన కార్బొరేటర్‌కు శుభ్రమైన పైపు తగిలించి, నిలువుగా పట్టుకుని మెల్లగా ఊదండి, గాలి పోవాలి. తలకిందులు చేసి ఊదండి, ఫ్లోట్ బరువుకే నీడిల్ మూసుకుని గాలి ఆగాలి. ఊదడమే, పీల్చడం కాదు. కంప్రెసర్ గాలి అసలే వద్దు.

9. బిగించేటప్పుడు

ఇక్కడ చాలామంది కంగారుపడే విషయం ఒకటుంది. విప్పినప్పుడు గాడిలో చక్కగా ఉన్న ఓ-రింగు, బిగించబోతే గాడి కంటే పొడవై ఉబ్బెత్తుగా నిలుస్తుంది. పెట్రోలులో నానిన రబ్బరు ఉబ్బుతుంది. బలవంతంగా కుక్కితే ఒకచోట బయటికి పొడుచుకొచ్చి, బౌల్ అంచు కింద నలిగి, కొత్త లీకేజీ మొదలవుతుంది. నీడన కొన్ని గంటలు ఆరనిస్తే మళ్లీ కుదించుకుంటుంది. తొందరగా ఉంటే కొత్తది వేయండి.

2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. పాత ఇంజిన్ల రబ్బరు భాగాలను దృష్టిలో పెట్టుకుని తయారైన ఇంధనం కాదది. పైగా ఇథనాల్ తేమను లాగుతుంది. పదేళ్లు పైబడిన ఇంజిన్‌లో ఓ-రింగు, పైపు, నీడిల్ మూడూ ఒకేసారి మార్చుకోవడం మేలని నా అభిప్రాయం. విడివిడిగా మారిస్తే ఒకటి ఆగగానే ఇంకొకటి మొదలవుతుంది.

ఎం-సీల్, సిలికాన్ జిగురు, నీళ్ల కుళాయికి చుట్టే తెల్ల టేపు వాడకండి. సిలికాన్ పెట్రోలుకు ఉబ్బి ముక్కలవుతుంది, ఆ ముక్కలే జెట్టులో, అంటే పెట్రోలు పోయే సన్న రంధ్రంలో, ఇరుక్కుంటాయి. టేపు పోగులదీ అదే కథ. బోల్టులను చేత్తో పూర్తిగా తిప్పాకే స్పానర్ పెట్టండి. వాషర్ అణగినట్టు తెలిశాక పావు చుట్టు చాలు. కార్బొరేటర్ మెత్తటి లోహం, మర పోతే తిరిగి రాదు. కొత్త ఫైబర్ వాషర్ దొరకకపోతే పాతదాన్ని తిరగేసి వేయండి, ఒకటి రెండు రోజులు గడుస్తుంది.

10. ఆగిందని ఎలా నిర్ధారించుకోవాలి

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కాక్ తెరిచి, కింద పొడి పత్రిక వేసి గంటసేపు వదిలేయండి. పత్రిక మీద మచ్చ ఉండకూడదు, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో తడి ఉండకూడదు. రెండోది చూడకుండా పత్రికను మాత్రమే నమ్మకండి.

తర్వాత, పాత ఆయిలు తీసి ఉంటే కొత్తది పోసి, ప్లగ్గు క్యాపు తగిలించే ముందు చుట్టుపక్కల పెట్రోలు తడి, వాసన లేవని చూసుకుని స్టార్ట్ చేయండి. పది నిమిషాలు నడపండి, చివర రెండు నిమిషాలు పూర్తి వేగంలో. ఆపాక కాక్ తెరిచే ఉంచి ఇంకో అరగంట చూడండి. వేడెక్కి, అదిరి, ఆగిన ఇంజిన్ కూడా పొడిగా ఉంటేనే మరమ్మతు నిలిచినట్టు. ఆఖరి పరీక్ష మర్నాడు ఉదయం. కాక్ మూసి పెట్టిన ఇంజిన్‌లో ఆయిల్ మట్టం నిన్నటిలాగే ఉందా, వాసన మారిందా చూడండి.

మరమ్మతుకు ఇప్పుడు వీలు లేదు, రేపు దుక్కి ఆపలేను అనేవారికి ఒక తాత్కాలిక ఉపాయం. పని అవగానే ఇంజిన్‌ను స్విచ్‌తో ఆపకండి, కాక్ మూసి బౌల్ ఖాళీ అయి దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. ఇది బౌల్ పొంగే ఇంజిన్లకే. బయట పైపు నుంచి కారుతుంటే మాత్రం ఒక్క నిమిషం కూడా నడపవద్దు, పక్కనే కాలే సైలెన్సర్ ఉంది.

బ్రష్ కట్టర్, చెట్లు కోసే రంపం ఉన్నవారికి

వీటిలో బౌల్, ఫ్లోట్ ఉండవు. డయాఫ్రమ్ అనే పలచటి పొర నీడిల్‌ను కదిలిస్తుంది. వంచినా నడుస్తాయి కాబట్టి "వంచినందుకు కారింది" అన్న మాట వీటికి వర్తించదు. ముందు ప్రైమర్ బుడ్డి (స్టార్ట్ చేసే ముందు వేలితో నొక్కేది) చూడండి, ఎండకు బిరుసై పగిలి ఉంటుంది. తర్వాత ట్యాంకులోకి వెళ్లే పైపులు, అవి దూరే రంధ్రంలోని రబ్బరు గ్రోమెట్ చూడండి. ఎండలో ఉంచినప్పుడే కారితే ట్యాంకు గాలి వాల్వును అనుమానించండి. ఇవన్నీ బాగుంటే లోపలి డయాఫ్రమ్ కిట్ మార్చాలి. నీడిల్‌ను పట్టే చిన్న మీట ఎత్తు కూడా తేడా ఉండవచ్చు, అలవాటు లేనివారు దాన్ని వంచే ప్రయత్నం చేయవద్దు.

కార్బొరేటర్ మొత్తం ఎప్పుడు మార్చాలి?

సీటు మీద గీత పడి, ఆ రకంలో సీటు విడిగా రాకపోతే. బోల్టు మర పోతే. లోపలి రంధ్రాలు తెల్లగా తుప్పు తినేస్తే. ఈ మూడు సందర్భాల్లో డబ్బు పెట్టడం న్యాయం. కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లి పైపు కొస దిక్కు, బోల్టు రంధ్రాల దూరం, చోక్ మీట పక్క సరిపోల్చండి. ఒకేలా కనిపించే 168ఎఫ్ కార్బొరేటర్లలో ఇవి తేడాగా వస్తుంటాయి. కొత్తది బిగించాక కూడా పదో మెట్టు పరీక్ష మానకండి. పెట్టెలోంచి తీసిన కార్బొరేటర్‌లోనూ నీడిల్ కింద లోహపు పొట్టు ఉండవచ్చు. అలా కారితే దుకాణానికి పరుగెత్తకుండా, ముందు ఐదో మెట్టులో చెప్పినట్టు రెండుసార్లు పెట్రోలు పారించి చూడండి.